పెదవి దాటిన పేరు

ఆస్పత్రిలో ఆమెను అందరూ రిజిస్టరమ్మ అనేవారు. డాక్టర్లూ అంతే, ఆయాలూ అంతే. జీతాల కాగితం మీద తప్ప ఆమె అసలు పేరు ఇంకెక్కడా కనబడేది కాదు. ప్రసూతి వార్డు చివర, మెట్ల కింద, ఇనపచువ్వల కిటికీ వెనక కూర్చుని ముప్ఫయ్యొక్క ఏళ్ళపాటు పుట్టినవాళ్ళను పుట్టినట్టు రాసింది. ఊళ్ళో సగంమంది ఈ భూమ్మీదికి వచ్చారనడానికి మొదటి సాక్ష్యం ఆమె చేతిరాతే. అన్ని పేర్లు రాసిన మనిషి సొంత కూతుర్ని పదకొండేళ్ళపాటు పేరు పెట్టి పిలవలేదంటే ఎవరైనా నమ్ముతారా? నమ్మకపోయినా నిజం. తప్పెవరిదని అడిగితే మొదట్లో ఆమె కూతురి వైపు వేలు చూపించేది. ఇప్పుడు చూపించదు.

ఈ కథ ఆమె చిన్నతనం నుంచి మొదలుపెట్టాలి. వాళ్ళ నాయనమ్మకు నలుగురు కొడుకులు. నలుగురికీ అమ్మంటే ప్రాణం. ఒకరిని చూసి ఒకరు, ఎవరికి ఆడపిల్ల పుట్టినా తల్లి పేరే పెట్టుకుంటూ పోయారు. ఒకే ఇంట్లో ఒకే పేరుతో అయిదుగురు ఆడవాళ్ళు తయారయ్యారు. ఆ పేరు పెట్టి పిలిస్తే ముసలావిడ ఒక్కతే పలికేది. మిగిలినవాళ్ళు పెద్దది, నడిపిది, చిన్నది, బుల్లిది. మనావిడ నడిపిది. పెదనాన్న కూతురు వేసుకుని విడిచిన గౌన్లతోపాటు పేరు కూడా వాడిందే వచ్చిందని ఆమె ఉక్రోషం. "నాకు ఆడపిల్ల పుడితే ఇంకెవరికీ లేని పేరు పెడతాను" అని పదేళ్ళప్పుడే అద్దం ముందు నిలబడి అనుకుంది.

పెళ్ళయింది. భర్త దర్జీ. మాట తక్కువ, అన్న ఒకటి రెండు మాటలూ సూదిలా ఉండేవి. ఆమెకు నెల తప్పిన దగ్గర్నుంచి ఇద్దరూ కలిసి పేరు కుట్టడం మొదలుపెట్టారు. ఆయన కత్తిరించి పారేసే గుడ్డముక్కల మీద సుద్దతో రాసేవాడు, ఆమె పైకి చదివేది, బాగోలేదంటే దులిపేసేవాడు. ఎనిమిది నెలలు దులిపాక ఒకటి మిగిలింది. మూడే మూడు అక్షరాలు. ఏ బంధువుకూ లేదు, ఏ దుకాణం బోర్డు మీదా లేదు. దాన్ని పలకడానికి ఒక పద్ధతి ఉంది. నడిమి అక్షరాన్ని కాస్త సాగదియ్యాలి, చివరి అక్షరాన్ని నిద్రపోతున్న పిల్లను పక్క మీదికి దించినంత మెల్లగా దించాలి. ఆ పద్ధతి ఆమెకు వచ్చినట్టు ఆయనకు కూడా రాలేదు.

ఇక ఆస్పత్రి రిజిస్టరు సంగతి. అందులో మనిషికి పన్నెండు గడులు. తేదీ, వేళ, బరువు, తల్లి, తండ్రి, ఇల్లు, ఇవన్నీ చకచకా నడిచిపోయేవి. ఏడో గడి దగ్గర బండి ఆగేది. అది బిడ్డ పేరు. "ఇంకా అనుకోలేదమ్మా" అని ఒకరు, "వాళ్ళ నాన్న రావాలి" అని ఒకరు, "అత్తగారు ఒకటంటారు, మా అమ్మ ఒకటంటుంది" అని ఇంకొకరు. ఖాళీగా పంపితే నెలాఖరుకు పై ఆఫీసు నుంచి గులాబీ రంగు చీటీ దిగేది. ఒక్కో చీటీకి జవాబు మూడు నకళ్ళు రాయాలి. పని అప్పజెబుతూ పాత గుమాస్తా ఆమె చెవిలో వేసిన మంత్రం ఒక్కటే: "ఏడో గడి ఖాళీ ఉంచకు. ఏదో ఒకటి రాయించు, తర్వాత మార్చుకోవచ్చని చెప్పు." మార్చుకోవచ్చు, అబద్ధం కాదు. ఇద్దరు సాక్షులు, మూడుసార్ల తిరుగుడు. చంటిపిల్లను చంకనేసుకుని అంత ఓపిక ఎవరికుంటుంది? ఆ గడిలో పడ్డ పేరు పడ్డట్టే.

కూతురికి ఇంకా ఏడాది నిండలేదు. ఒకరోజు ఒక బక్కపల్చటి బాలింత కిటికీ ముందు నిలబడింది. పేరు అడిగితే తెల్లమొహం వేసింది.

"తోచట్లేదండీ. మీకు పిల్లలున్నారా?"

"ఒక పాప."

"ఏం పేరు పెట్టారు?"

ఆమె చెప్పింది. నడుమ సాగదీసి, చివర మెల్లగా దించి, పిల్లను ఎత్తి చూపించినట్టే చెప్పింది. బాలింత కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. "ఎంత బాగుందండీ! మా పాపకి పెట్టుకోనా?" అంది.

కాదనడానికి నోరు రాలేదని ఆమె తర్వాత చాలామందితో చెప్పుకుంది గానీ, అదీ పూర్తి నిజం కాదు. లోపల పొంగిపోయింది. కాకిపిల్ల కాకికి ముద్దంటారు. ఊరు కూడా ముద్దనేసరికి ఆ కాకి ఇక ఆగుతుందా! ఒక్కరికేగా అనుకుని రాసింది.

సాయంత్రం భర్తతో గొప్పగా చెప్పింది. ఆయన మిషను తొక్కడం ఆపకుండానే, "పెదవి దాటితే పృథివి దాటుతుందంటారు. చూసుకో" అన్నాడు.

"పేరేమన్నా సబ్బా, నలుగురు వాడితే అరిగిపోవడానికి?" అని ఆమె నవ్వింది.

ఒక్కరికి ఇచ్చింది ఇద్దరికైంది. ఎవరు "తోచట్లేదు" అన్నా ముందు తన పాప మొహమే కళ్ళముందు ఆడేది, పేరు పెదవి మీద సిద్ధంగా ఉండేది. ఏడో గడి నిండేది, గులాబీ చీటీ తప్పేది. ప్రేమ ఎంత, సోమరితనం ఎంత అని ఇప్పుడు తూచడానికి కూర్చుంటే ఆమెకే తేలదు. కొన్నాళ్ళకు ఆమె చెప్పనక్కర్లేకుండానే జనం ఆ పేరు అడుక్కుంటూ వచ్చారు. వీధిలో విన్నారట, చెల్లెలి కూతురికి పెట్టారట. ఒక సంవత్సరం చివర ఆమె రిజిస్టరు తిరగేసి, ఆ ఏడాది పుట్టిన ఆడపిల్లల్లో ప్రతి తొమ్మిదిమందికీ ఒకతెది అదే పేరని లెక్కతేల్చి, మురిసిపోతూ పెద్ద డాక్టరమ్మకు చూపించింది.

పేరు ఊరి నోట్లో పడ్డాక నలిగింది. నడిమి అక్షరం కుదించుకుపోయింది. చివరి అక్షరం ఉన్నట్టా లేనట్టా తెలియదు. పంపు దగ్గర ఒకావిడ బిందె మోతలో దాన్ని రెండు ముక్కలు చేసి అరిచేది. సంతలో ఒకాయన ముందు "ఏయ్" తగిలించి తిట్టులా వాడేవాడు. కూతురు బళ్ళో చేరేటప్పటికి ఒకటో తరగతిలో ఆ పేరువాళ్ళు నలుగురు, అయిదో తరగతికి ఏడుగురు. టీచరమ్మకు విసుగొచ్చి అంకెలు ఇచ్చేసింది. రిజిస్టరమ్మ కూతురు అయిదో నంబరు.

"ఆ పేరు అందరికంటే ముందు నాదే టీచర్" అందట ఆ పిల్ల లేచి నిలబడి.

"అందరూ అదే అంటారు. కూర్చో."

ఇంటికొచ్చి చెప్తే తల్లి పకపకా నవ్వింది. పెద్దదీ నడిపిదీ చిన్నదీ ఆమెకు గుర్తు రావాలి కదా? రాలేదు. ఎందుకు రాలేదని ఇప్పుడు ఆమె తనని తాను తిట్టుకోని రోజు లేదు.

పిల్లకు పన్నెండో ఏట, బడి వదిలే వేళకు వాన అందుకుంది. తల్లి గొడుగు పట్టుకుని గేటు దగ్గర నిలబడి పేరు పెట్టి పిలిచింది. తొమ్మిది తలలు తిరిగాయి. తన కూతురి తల తిరగలేదు. ఆ వీపు తడుస్తూ అలాగే నడిచి వెళ్ళిపోయింది.

ఇంట్లో తువ్వాలు అందిస్తూ, "అంత గట్టిగా పిలిచాను, వినపడలేదా?" అని అడిగింది.

"వినపడింది. నన్ను కాదనుకున్నాను."

"అమ్మ గొంతు కూడా గుర్తుపట్టవా?"

"గుర్తుపట్టాను. నువ్వు ఆ పేరు ఎంతమందికి చెప్తావో నాకేం తెలుసు?"

పదిహేనో ఏట ఆ పిల్ల ఒక్కటే ఒక్కటి అడిగింది. కొత్త బట్టలు కాదు, చెవులకి జూకాలు కాదు. "అమ్మా, ఇంక ఎవరికీ ఇవ్వకు. ఉన్నవాళ్ళు ఉండనీ. కొత్తగా ఇవ్వకు" అంది. తల్లి ఒట్టు పెట్టింది. అయిదు నెలలు నిలబెట్టుకుంది కూడా. ఆ తర్వాత ఒకరోజు పదకొండుమంది బాలింతలు ఒకేసారి ఇంటికి వెళ్ళే హడావిడిలో, ఒక ముసలమ్మ "బండి వెళ్ళిపోతోంది, ఏదో ఒకటి రాసెయ్ తల్లీ" అంటే, కలం దానంతటదే కదిలింది. తలెత్తితే కిటికీ అవతల కూతురు. చేతిలో తల్లి మర్చిపోయి వచ్చిన టిఫిను డబ్బా. ఆ పిల్ల ఏడో గడి చదివింది, డబ్బా గట్టు మీద పెట్టింది, వెళ్ళిపోయింది. అరిచి ఉంటే బాగుండేది. కంచే చేను మేసిందని ఒక్క మాట అని ఉన్నా, తల్లి కాళ్ళావేళ్ళా పడేది.

పద్ధెనిమిది నిండిన వారానికి కూతురు ఆ కిటికీ ముందే వరసలో అందరితోపాటు నిలబడింది. పేర్ల మార్పు కాగితాలు కూడా రిజిస్టరమ్మే తీసుకోవాలి. సాక్షుల్లో ఒకరు తండ్రి. మార్పుకు కారణం అన్న చోట గుండ్రటి అక్షరాలతో ఇలా రాసి ఉంది: "పిలిచినప్పుడు నన్నో కాదో తెలియడం లేదు." తల్లి ఆ వాక్యం రెండుసార్లు చదివింది. వెనక జనం తొందరపెడుతున్నారు. మూడు నకళ్ళ మీదా ముద్ర వేసింది. వేసి, కాగితం చువ్వల్లోంచి తోస్తూ అంది:

"నువ్వు ఏం పెట్టుకున్నా నేను పిలవను. నేను కన్నది ఆ పిల్లని కాదు."

ఒక మాట. ఆ రోజు వెనక్కి తీసుకుని ఉంటే పోయేది. మర్నాడు తీసుకున్నా పోయేది. ఆమె తీసుకోలేదు.

పేరు లేకుండా మనిషితో బతకడం ఎంత చాకిరో పిలవనివాళ్ళకే తెలుస్తుంది. వంటింట్లోంచి కేకేస్తే కుదరదు. ఆ మనిషి ఉన్న గదిలోకి వెళ్ళాలి, ఎదురుగా నిలబడాలి, కళ్ళు కలిసేదాకా ఆగాలి. "ఇదిగో", "వింటున్నావా", ఫోనులో అయితే "ఆఁ, నేనే". తండ్రి మాత్రం మొదటి రోజు నుంచే కొత్త పేరుతో నోరారా పిలిచేవాడు. "నువ్వూ పిలువు. నోరేం అరగదు" అనేవాడు భార్యతో. కూతురి పెళ్ళికార్డు మీద ఆ పేరు చూసి చుట్టాలు "మీకు ఇంకో అమ్మాయి కూడా ఉందా?" అని అడిగితే ఆయన కడుపుబ్బ నవ్వాడు, ఆమె నవ్వలేదు. పైపెచ్చు ఆస్పత్రిలో పంతం ఇంకా ముదిరింది. కూతురు వదిలేసిన పేరును ఊరైనా మొయ్యాలని, అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ పంచింది. ఎవరిమీద కసి తీర్చుకుందో ఆ దేవుడికే తెలియాలి.

నాలుగేళ్ళ క్రితం దర్జీ పోయాడు. ఇంట్లో ఆ కొత్త పేరు పలికే గొంతు అదొక్కటే, అది కూడా ఆగిపోయింది. అప్పుడు మొదటిసారి ఆమెకు భయం వేసింది. అయినా బింకం ఊరికే వదులుతుందా? చివరికి పోయిన ఏడు ఉద్యోగం అయిపోయి ఇంట్లో కూర్చున్నాక, కూతురు నీళ్ళోసుకుందని తెలిశాక, ఆమె పొయ్యి ముందు నిలబడి ఆ పేరు పలకడం సాధన చేసింది. రెండక్షరాలే గానీ మధ్యలో గట్టి వత్తు ఒకటి ఉంది. కట్టుడు పళ్ళల్లో అది జారిపోయేది. పాలు పొంగేదాకా పలికేది, పప్పు ఉడికేదాకా పలికేది. ఎదురుగా మనిషి లేనప్పుడు బాగానే వచ్చేది. కూతురు గుమ్మంలోకి రాగానే గొంతు "ఇదిగో" దగ్గర ఆగిపోయేది.

కూతురికి ఆడపిల్ల పుట్టింది. అదే ఆస్పత్రి. ఇంటికి వెళ్ళే రోజు తల్లీ, కూతురూ, పాపా మెట్ల కింది కిటికీ దగ్గరికి వచ్చారు. కిటికీ వెనక ఇప్పుడు కొత్త గుమాస్తా, నవ్వు మొహం పిల్ల. "అయ్యో, అమ్మా! మీరా!" అని లేచి నిలబడింది. ఆరు గడులు చకచకా రాసింది.

"పాప పేరు?"

"ఇంకా అనుకోలేదు" అంది కూతురు.

"ఓస్, దానికేముంది! ప్రస్తుతానికి మన పేరు రాసేస్తా. తర్వాత మార్చుకోవచ్చు" అంటూ ఆ పిల్ల బల్ల మీద అద్దం కింద ఉన్న చీటీ చూపించింది.

చీటీ మీద రాత రిజిస్టరమ్మదే. దిగిపోయే రోజు కొత్తవాళ్ళ కోసం రాసిపెట్టింది. సిరా ఎక్కడుంది, ఏ సొరుగు బిగుసుకుంటుంది, ఆ కింద: 'ఏడో గడి ఖాళీ ఉంచవద్దు. ఏమీ తోచకపోతే ఇది', ఇంకా కింద ఆ మూడక్షరాలు. కూతురు చీటీ చదివింది. తల్లి వైపు చూడలేదు. చూసి ఉంటే తల్లికి అంత సిగ్గు అనిపించేది కాదేమో.

"ఖాళీగా ఉంచండి" అంది కూతురు.

"గులాబీ చీటీ వస్తుందండీ..."

"రానీ. ఖాళీగానే ఉంచు తల్లీ" అంది రిజిస్టరమ్మ. ముప్ఫయ్యొక్క ఏళ్ళలో ఆమె నోటివెంట రాని మాట అది. "ఆ చీటీ తీసెయ్. సిరా సంగతి మళ్ళీ రాసిస్తాను."

బయట అల్లుడు ఆటో తెచ్చాడని ఆయా వచ్చి చెప్పింది. కూతురు పాపను భుజానేసుకుని నెమ్మదిగా ముందు నడిచింది. తల్లి సంతకాల కోసం ఆగింది. సంతకాలయ్యాక గుమాస్తా పిల్ల, "టీకాల కార్డు మర్చిపోయారు" అంటూ చేతికిచ్చింది. కూతురు అప్పటికే హాలు మధ్యకు వెళ్ళిపోయింది.

ఆమె కార్డు పట్టుకుని నిలబడింది. ఊపిరి తీసుకుంది. పిలిచింది. కొత్త పేరే పిలిచింది. వత్తు ఎక్కడా జారలేదు, పొయ్యి ముందు వచ్చినదానికంటే బాగా వచ్చింది.

కూతురు తిరగలేదు.

మళ్ళీ పిలిచింది, ఇంకా గట్టిగా. బెంచీ మీద ఎవరో తలెత్తి చూశారు. ఆ వీపు మాత్రం పాపను సర్దుకుంటూ అలాగే నడిచిపోతోంది. పాత పేరు నాలుక చివరిదాకా వచ్చింది. పిలిస్తే ఆ హాలులో ఎంతమంది తిరుగుతారో ఆమెకు తెలుసు. ఆయాసపడుతూ పరిగెత్తి గుమ్మం దగ్గర భుజం తట్టింది.

"పిలుస్తున్నాను, వినపడలేదా?"

"పిలిచావా?" కూతురు ఆశ్చర్యంగా చూసింది. "వినపడిందమ్మా. ఎవరో నా పేరే ఉన్న ఇంకొకళ్ళని పిలుస్తున్నారనుకున్నాను. నీ గొంతులాగే ఉంది గానీ, నువ్వు పిలవవు కదా."

ఇందులో దెప్పిపొడుపు లేదు. అదే ఆమెకు గుండెల్లో గుచ్చుకుంది. ఈ పదకొండేళ్ళలో ఏ ఒక్కరోజు పిలిచి ఉన్నా ఈ రోజు ఆ పిల్ల తిరిగేది. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదే. ఆమె టీకాల కార్డు అందించింది. పాప మొహం మీది గుడ్డ సవరించింది.

"ఈ బంగారుతల్లికి నిజంగా ఏమీ అనుకోలేదా?"

కూతురు పాపను ఇంకో భుజం మీదికి మార్చుకుంది. "అనుకున్నాం. చాలా రోజులైంది. అక్కడ చెప్పలేకపోయానంతే."

"నాకు చెప్పవా?"

"చెప్తానమ్మా. కొన్నాళ్ళు ఆగు. ముందు దానికి తన పేరు అలవాటు కానీ."

ఆటో వెళ్ళిపోయింది. రిజిస్టరమ్మ రోజూ సాయంత్రం ఫోన్ చేసి కూతుర్ని పేరు పెట్టి పలకరిస్తోంది. ప్రతిసారీ అవతల ఒక చిన్న ఆగుడు, ఆ తర్వాత "ఆఁ, చెప్పమ్మా". పాప పాలు తాగిందా, నిద్రపోయిందా అని అడుగుతుంది. పేరు అడగదు. పాపాయి, బుజ్జిముండ, చిట్టితల్లి, ఇలా ఏదో ఒకటి అని సరిపెట్టుకుంటుంది.

నెల తిరిగాక ఒక మధ్యాహ్నం గుమాస్తా పిల్ల ఫోన్ చేసింది. గులాబీ చీటీ వచ్చిందట, రిజిస్టరమ్మ కూతురు వచ్చి ఏడో గడి నింపి వెళ్ళిందట. "ఎంత బాగుందమ్మా పేరు! ఇంతవరకూ ఎక్కడా వినలేదు. చెప్పనా?" అంది ఉత్సాహంగా.

ఆమె కుర్చీ అంచున కూర్చుండిపోయింది. అడిగితే చాలు, ఒక్క క్షణంలో చెవిన పడుతుంది.

"వద్దు" అంది. "మా అమ్మాయే చెప్తుంది." మళ్ళీ తనే అడిగింది. "నువ్వు ఇంకెవరికైనా చెప్పావా?"

"లేదమ్మా."

"చెప్పకు తల్లీ. ఎవరైనా తోచట్లేదంటే ఖాళీగా ఉంచు. ఆ పేరు మాత్రం ఎవరికీ చెప్పకు."